కాణిపాకం ప్రమాణమూ, ఓ.పి. చీటీయూ

చిత్తూరు పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున వెలసిన కాణిపాకం క్షేత్రాన్ని మన కళాశాల విద్యార్థులకు క్రొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. మూగ, చెవిటి, గ్రుడ్డివారైన ముగ్గురు అన్నదమ్ములు తమ పొలంలోని బావిని లోతు చేస్తుండగా పార ఒక రాతికి తగిలి నెత్తురు చిమ్మినదనీ, ఆ నీరు సోకి ముగ్గురి అవిటితనమూ తొలగిపోయినదనీ స్థలపురాణం చెబుతున్నది. ఊరివారు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల దూరం పారినందున ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుకొంటారు. ఆలయ నిర్మాణాన్ని చోళరాజైన మొదటి కులోత్తుంగునికీ, దాని విస్తరణను 1336లో విజయనగర ప్రభువులకూ ఆపాదిస్తారు.

అయితే ఈ క్షేత్రానికి రాష్ట్రమంతటా ఉన్న పేరు స్థలపురాణం వలన మాత్రమే వచ్చినది కాదు. ఇది సత్యప్రమాణాల స్థలం. అప్పు తీర్చినాననేవాడూ, తీర్చలేదనేవాడూ, దొంగతనం మోపబడినవాడూ, మోపినవాడూ స్నానం చేసి స్వామి ఎదుట ప్రమాణం చేస్తే ఆ తగవు అంతటితో తీరిపోయినట్లే. రాజకీయ నాయకులు సైతం ఒకరినొకరు కాణిపాకం రమ్మని సవాలు చేసుకోవడం మనము పత్రికలలో చూస్తూనే ఉన్నాము. త్రాగుడు మానుతామని ఇక్కడ ప్రమాణం చేసి, ఆ మాట నిలబెట్టుకొన్నవారు మా చుట్టుప్రక్కల పల్లెలలోనే ఉన్నారు. మనిషి సంకల్పానికి దైవం సాక్షిగా నిలిచినప్పుడు ఎంత బలం చేకూరుతుందో వారిని చూస్తే తెలుస్తుంది. ఆ బలాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

కాని ప్రమాణం చేయవలసిన మనస్సే జబ్బు పడినప్పుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. మా మధ్యనే, మా ప్రక్క బెంచీలోనే ఎదురైనది. దానికి జవాబు వెదకుతూ మేము నేర్చుకొన్న నాలుగు మాటలను సంచిక పాఠకుల ముందూ, కళాశాల కమిటీ పెద్దల ముందూ ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం. ఇద్దరం తెలుగు మాధ్యమం వాళ్ళం, ఇద్దరం ఉర్దూ మాధ్యమం వాళ్ళం. మాలో ఐదవవాడు మా మిత్రుడు. అతని పేరు ఇక్కడ వ్రాయడం లేదు. ఈ వ్యాసాన్ని అతడు ముందుగా చదివి, పేరు తప్ప తక్కినదంతా వ్రాయమని తానే అనుమతించినాడు. అతని నాయన కాణిపాకంలో కొబ్బరికాయలూ, గరికమాలలూ అమ్ముతారు. అతడు చదువులో మాకంటె ముందుండేవాడు.

దీపావళి వెళ్ళిన తరువాత అతనిలో మార్పు వచ్చినది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, మరి నిద్ర పట్టేది కాదు. ఉదయం పూట మంచం దిగడం కొండ ఎక్కడమంత కష్టమయ్యేది. సాయంత్రానికి కొంచెం తేరుకొనేవాడు. అన్నం మట్టిలాగున్నదనేవాడు. పుస్తకం తెరిస్తే ఒకే పంక్తి పదిమార్లు చదివినా తలకెక్కదనేవాడు. తరగతిలో కొందరు అది గర్వమన్నారు. బంధువులు సోమరితనమన్నారు. మేనత్త గాలి సోకినదని తాయెత్తు కట్టించినారు. మాలో ఒకని నానీ ఇది సాయా అని ఊదిన నీళ్ళు పంపినారు. ఎవరి మాటలోనూ ద్వేషం లేదు. ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన భాషలో ఆ బాధకు ఒక పేరు పెట్టినారు, అంతే.

చివరికి అతని నాయన కొడుకును స్వామి ఎదుట నిలబెట్టి, రేపటినుండి కళాశాలకు పోతాననీ, సోమరితనం మానివేస్తాననీ ప్రమాణం చేయించినారు. అతడు మనస్ఫూర్తిగానే చేసినాడు. మరునాడు ఉదయం లేవలేకపోయినాడు. ఆ మరునాడూ లేవలేకపోయినాడు. మూడవనాడు తన అవ్వతో, "స్వామి దగ్గర అబద్ధమాడినవాణ్ణి నేను. నేను ఉండి ఏం లాభం?" అన్నాడు.

ఆ మాట విన్న అవ్వ ఏ కళాశాలలోనూ చదువుకొన్నది కాదు. అయినా ఆమె ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పిన మాట మాకు ఈనాటికీ గుర్తున్నది. "చేయగలిగి చేయకుంటే అది అబద్ధం. వీనికి కాళ్ళే ఆడలేదు కదా! దాన్ని స్వామి అబద్ధమని రాసుకుంటాడా నాయనా? ముందు డాక్టరు దగ్గరికి పోండి. స్వామికి నేను చెప్పుకుంటా."

ఈ సంభాషణలో వైద్యశాస్త్రం తెలుసుకోవలసిన రెండు విషయాలున్నాయి. మొదటిది, తనను తాను దోషిగా, పాపిగా భావించుకోవడం కుంగుబాటు జబ్బు లక్షణాలలో ఒకటి. ఆ జబ్బుకు గురైనవానిచేత ప్రమాణం చేయించి, అది నెరవేరకపోతే నిందించడమంటే జబ్బుకు మనమే మేత వేసినట్లు. రెండవది, బ్రతికి లాభం లేదన్న మాట ఎవరి నోట వచ్చినా దానిని బెదిరింపుగానో, నటనగానో కొట్టివేయరాదు. ఆనాడే, ఆ పూటే సాయం వెదకాలి. ఆ అవ్వ చేసినది అదే.

సాధారణమైన దిగులుకూ, కుంగుబాటు జబ్బుకూ గల తేడాను వైద్యులు ఇట్లు చెబుతారు. పరీక్ష తప్పినప్పుడో, ఆప్తులు పోయినప్పుడో కలిగే దుఃఖం మనిషికి సహజం. అట్లుకాక మనస్సు క్రుంగిపోవడం గాని, దేనియందూ ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు మించి దాదాపు రోజంతా, ప్రతిదినమూ ఉంటూ, దానితోపాటు నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత దెబ్బతిని, చావును గూర్చిన ఆలోచనలు వస్తూ ఉంటే అది జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 28 కోట్ల మంది ఈ కుంగుబాటుతో బాధపడినారు. దీనికి తోబుట్టువు వంటిది మరొక జబ్బు కలదు. అందులో కొంతకాలం కుంగుబాటు, కొంతకాలం దానికి పూర్తిగా విరుద్ధమైన ఉద్రేకం వస్తాయి. దీనినే బైపోలార్ జబ్బు అంటున్నారు. ఇది 2019లో సుమారు 4 కోట్ల మందికి ఉన్నదని అదే సంస్థ అంచనా.

మా మిత్రుణ్ణి మొదట తీసుకొనిపోయిన చోట రోగుల రద్దీ ఎక్కువ. అక్కడి డాక్టరుకు అతనితో మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలకంటె తీరిక దొరకలేదు. కుంగుబాటు తగ్గే మాత్రలు వ్రాసి పంపించినారు. మూడు వారాలకు అతడు లేచి తిరగసాగినాడు. ఇల్లంతా సంతోషించినది. కాని ఆ లేవడం అక్కడితో ఆగలేదు. రాత్రి రెండు గంటలకు మాకు ఫోన్లు చేయసాగినాడు. రెండు గంటల నిద్రతోనే అలసట లేక తిరిగేవాడు. మాట మాటకు అంటకుండా పరుగెత్తేది. నాయన అంగడిలోని సరకును అడిగినవారికల్లా అరువు ఇచ్చివేసి, కాణిపాకం నుండి దేశమంతటికీ కొబ్బరి ఎగుమతి చేసే కంపెనీ పెడతానన్నాడు. ఆ రోజులలో అడిగి ఉంటే స్వామి ఎదుట పది ప్రమాణాలైనా అవలీలగా చేసేవాడు. కుంగుబాటులో ఉన్నవాడు చేసిన ప్రమాణం నిలుపుకోలేడు. ఉద్రేకంలో ఉన్నవాడు నిలుపుకోలేని ప్రమాణాలే చేస్తాడు. రెండింటిలోనూ లోపం సత్యసంధతది కాదు.

అప్పుడు మేము అతనినీ, అతని నాయననూ వెంటబెట్టుకొని, కుంగుబాటు, బైపోలార్ జబ్బులను ప్రత్యేకంగా చూచే ఒక ఆసుపత్రి ఓ.పి.కి పోయినాము. తొలి బస్సుకు బయలుదేరి, ఏడు గంటలకు చీటీల వరుసలో నిలబడినాము. అక్కడ మేము చూచినది మా ఊహలోని పిచ్చాసుపత్రి కాదు. గొలుసులు లేవు, కేకలు లేవు. బల్లలమీద మన ఇళ్ళలోని మనుషుల వంటివారే కూర్చొని ఉన్నారు. బడిపంతుళ్ళు, రైతులు, బుర్ఖా వేసుకొన్న తల్లులు, పెళ్ళి కావలసిన పిల్లలు. చాలామంది చేతిలో టిఫిన్ క్యారియరూ, పాత చీటీల సంచీ ఉన్నాయి. తమ వంతు వచ్చేదాకా నిశ్శబ్దంగా ఎదురుచూస్తున్నారు.

లోపల డాక్టరమ్మ తొలిసారి దాదాపు ఒక గంట మాట్లాడినారు. నిద్ర, తిండి, చదువు, త్రాగుడు, వంశంలో ఇటువంటి జబ్బున్నవారు, అన్నీ అడిగినారు. తరువాత అతని నాయన వైపు తిరిగి, "అయ్యా, ఇంతకు మునుపు ఎప్పుడైనా మీవాడు నిద్ర లేకున్నా అలసిపోకుండా, మామూలుకంటె ఎక్కువ ఉత్సాహంగా కొన్నాళ్ళు ఉన్నాడా?" అని అడిగినారు. ఆయన లేదన్నారు. మిత్రుడూ లేదన్నాడు. మాకు మాత్రం వినాయకచవితి బ్రహ్మోత్సవాలు గుర్తుకు వచ్చినాయి. ఇరవై ఒక్క రోజుల ఆ ఉత్సవాలలో అతడు పది దినాలపాటు రాత్రింబగళ్ళు నిద్రలేక తిరిగినాడు. భక్తులకు పంచుతానని అప్పు చేసి వేలకొద్దీ కరపత్రాలు అచ్చువేయించినాడు. ఊరంతా అతని చురుకును మెచ్చుకొన్నది. మేము ఈ సంగతి చెప్పగానే డాక్టరమ్మ కలం ఆపి, తేదీలతో సహా మళ్ళీ చెప్పమన్నారు.

ఆ ఒక్క ప్రశ్నలోనే ప్రత్యేక వైద్యం యొక్క ప్రయోజనం మాకు బోధపడినది. బైపోలార్ జబ్బున్నవాడు డాక్టరు దగ్గరకు సాధారణంగా కుంగుబాటులో ఉన్నప్పుడే పోతాడు. ఉద్రేకం వచ్చిన రోజులు అతనికి జబ్బుగా తోచవు. తన జీవితంలోని మంచిరోజులుగా తోచుతాయి. కనుక వాటిని గురించి తాను చెప్పడు. అడిగే డాక్టరు ఉండాలి. చెప్పగలిగే ఇంటివాడో, స్నేహితుడో ప్రక్కన ఉండాలి. ఈ రెండూ లేనప్పుడు అది ఒట్టి కుంగుబాటుగానే కనబడుతుంది. బైపోలార్ జబ్బున్నవారికి కుంగుబాటు మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో మనస్సు రెండవ వైపుకు ఎగిరిపోయే ప్రమాదమున్నది. జబ్బు అసలు పేరు తెలియడానికి చాలామందికి ఏండ్లు పడుతున్నదని డాక్టరమ్మ చెప్పినారు.

ఈ రెండు స్థితులకూ సంబంధమున్నదన్న ఎరుక ఈనాటిది కాదు. దాదాపు రెండువేల ఏండ్ల క్రిందటే గ్రీకు వైద్యుడు అరీటియస్ ఒకే మనిషిలో విషాదమూ, ఉన్మాదమూ రావడం గమనించినాడు. చరక సంహితలో ఉన్మాదానికి ప్రత్యేకమైన అధ్యాయమే కలదు. అరబ్బు వైద్యులు మాలీఖూలియా అనే పేరుతో ఈ విషాద రోగాన్ని వర్ణించినారు. పదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇస్‌హాఖ్ ఇబ్న్ ఇమ్రాన్ దీనిమీదనే ఒక ప్రత్యేక గ్రంథం వ్రాసినాడు. ఆ కాలపు బల్ఖీ శరీరంతోపాటు మనస్సుకూ ఆరోగ్య నియమాలుండాలని రచన చేసినాడు. ఇస్లామీ నగరాలలోని బీమారిస్తానులలో మనోరోగులకు వేరే విభాగాలుండేవి. మా ఉర్దూ మాధ్యమం మిత్రులు ఈ సంగతులు చెప్పినప్పుడు, మనస్సు జబ్బుకు వైద్యం వెదకడం మన పూర్వుల ధర్మానికి విరుద్ధమైన క్రొత్త ఆచారమేమీ కాదని మాకు స్పష్టమైనది. 1899లో జర్మనీకి చెందిన క్రేపెలిన్ ఈ రెండు స్థితులనూ ఒకే జబ్బు క్రింద చేర్చినాడు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉద్రేకానికి లిథియం అనే లవణం పనిచేస్తుందని ప్రకటించినాడు. స్విట్జర్లండులో రోలండ్ కూన్ 1950వ దశకంలో ఇమిప్రమైన్ అనే మందు కుంగుబాటును తగ్గించడం కనిపెట్టినాడు. నేటి చికిత్సకు అవే పునాదులు.

మా మిత్రునికి లిథియం ఇవ్వాలని డాక్టరమ్మ నిశ్చయించినారు. ఆ మందు పేరు వినడమే గాని, దాని వెనుక ఎంత జాగ్రత్త ఉన్నదో మాకు అంతవరకు తెలియదు. మొదలుపెట్టకముందే మూత్రపిండాలకూ, థైరాయిడుకూ రక్తపరీక్షలు చేసినారు. మందు ఆరంభించిన తరువాత రక్తంలో లిథియం ఎంతున్నదో చూడాలి. రాత్రి మాత్ర వేసుకొన్న 12 గంటలకు, ఉదయపు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. సాధారణంగా అది లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోలు మధ్య ఉండేటట్లు చూస్తారు. తక్కువైతే గుణం కనబడదు, ఎక్కువైతే విషమవుతుంది. మందుకూ, విషానికీ మధ్య దూరం ఇంత తక్కువగా ఉన్నందుననే ఇది చూచి చూచి వాడవలసిన మందు అయినది. చేతులు బాగా వణకినా, వాంతులు, విరేచనాలు పట్టుకొన్నా, నడక తడబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. ఒళ్ళునొప్పులకు అంగడిలో దొరికే మాత్రలలో కొన్ని రక్తంలో లిథియాన్ని పెంచుతాయనీ, అడగకుండా ఏదీ వేసుకోరాదనీ హెచ్చరించినారు. ఉప్పు ఒక్కసారిగా మానరాదు. మన చిత్తూరు ఎండలలో నీళ్ళు తక్కువ త్రాగరాదు.

ఈ నీళ్ళ మాట వచ్చినప్పుడే వరుసలో మా ముందున్న ఒక వృద్ధురాలు రంజాన్ రోజాల సంగతి అడిగినది. ఇరవై ఏండ్లుగా లిథియం మీద ఉన్న తల్లి ఆమె. ఉపవాసంలో ఒంటిలోని నీరు తగ్గితే మందు రక్తంలో పేరుకొనవచ్చుననీ, సహ్రీ కొరకు నిద్ర చెడితే కొందరికి ఉద్రేకం తిరగబెట్టవచ్చుననీ, కనుక రంజాన్‌కు కొన్ని వారాల ముందే వచ్చి మాట్లాడాలనీ డాక్టరమ్మ చెప్పినారు. కొందరికి మోతాదు వేళలు మార్చి, రక్తపరీక్షలు చేస్తూ ఉపవాసం ఉండనిస్తారు, కొందరిని ఉండవద్దంటారు. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఇస్లాం ధర్మంలోనే కలదు. అది తెలిసినా, లోకం ఏమనుకొంటుందోనన్న జంకుతో మందు మానివేసి రోజాలు ఉండేవారున్నారని ఆ తల్లి చెప్పినది. ఈ సంచిక చదివే ఉర్దూ కుటుంబాల విద్యార్థులు ఈ ఒక్క విషయం ఇంట్లో చెప్పగలిగినా మా శ్రమ ఫలించినట్లే.

మందు ఒక్కటే వైద్యం కాదని కూడా అక్కడే తెలుసుకొన్నాము. ఒక మానసిక నిపుణురాలు మిత్రునికి ఒక నోటుబుక్కు ఇచ్చి, ప్రతిదినమూ ఎన్ని గంటలు నిద్రపోయినాడో, మనస్సు ఎట్లున్నదో, మాత్ర వేసుకొన్నాడో లేదో ఒక్కొక్క పంక్తి వ్రాయమన్నారు. నాలుగు నెలలు వ్రాసిన తరువాత ఆ పుస్తకమే ఒక పాఠం చెప్పినది. వరుసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే మూడవనాటికి మాట వేగం పెరుగుతున్నది. ఆ సంగతి తెలిసిన తరువాత, ఆ రెండవ రాత్రి ఉదయమే ఆసుపత్రికి ఫోను చేయడం అతని నాయనకు అలవాటైనది. సామాజిక కార్యకర్త ఒకరు ఇంటివారిని కూర్చోబెట్టి, జబ్బు కుదిరినట్లు కనబడినా మాత్రలు తమంతట తాము మానరాదనీ, మానితే తిరగబెట్టే అవకాశం ఎక్కువనీ వివరించినారు. కుంగుబాటు మాత్రలు మత్తుమందుల వంటివి కావనీ, అవి గుణమిచ్చేందుకే రెండు నుండి నాలుగు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుందనీ, కుదిరిన తరువాత కూడా ఆరు నెలలకు తగ్గకుండా వాడాలనీ ప్రక్కనున్న మరొక కుటుంబానికి చెబుతుండగా విన్నాము. పెళ్ళికావలసిన ఆడపిల్లలకు వాల్‌ప్రొయేట్ అనే మందు గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు కనుక దానిని సాధారణంగా వారికి ఇవ్వరనీ, ఏ మందునైనా ముందుగానే డాక్టరుతో చర్చించాలనీ చెప్పినారు.

ఇంటి దగ్గర ఉంటూ, నెలకొకసారి వచ్చిపోతూ కుదుర్చుకొనే ఈ పద్ధతిని అర్థం చేసుకొనేందుకు మన ప్రాంతంలోనే ఒక చక్కని పోలిక కలదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలసినది. ఆ కాలంలో క్షయరోగి ఇల్లు విడిచి నెలలకొద్దీ అటువంటి చోట ఉండవలసిందే. 1950వ దశకం చివర మద్రాసులో జరిగిన పరిశోధన, మంచి మందులను క్రమంగా వాడితే ఇంటివద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని నిరూపించినది. మనోరోగాల విషయంలోనూ ఇంచుమించు అదే మార్పు జరిగినది. 1950వ దశకంలోనే మనకు పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం నెలకొల్పి, రోగితోపాటు ఇంటివారు కూడా ఉండే పద్ధతిని పెట్టినారు. 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకే శిక్షణ ఇచ్చి మనోరోగాలకు వైద్యం అందించడం ప్రారంభించినారు. ఆ బళ్ళారి నమూనామీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైనది. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఎంపికైన జిల్లా మెదక్.

ఇన్ని జరిగినా కొరత తీరలేదు. 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్న నూరుమందిలో సుమారు 85 మందికి, బైపోలార్ జబ్బున్న నూరుమందిలో సుమారు 70 మందికి వైద్యం అందడం లేదు. వారందరూ ఎక్కడికి పోతున్నారు? కొందరు ఎక్కడికీ పోరు. కొందరు గుడులకూ, దర్గాలకూ పోతారు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన మనోరోగులను ఉంచిన ఒక ప్రయివేటు పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టివేయబడినందున తప్పించుకోలేక 28 మంది ఆహుతి అయినారు. అక్కడ దోషం ప్రార్థనది కాదు, గొలుసులది. ఆ పాఠం నుండి మంచి కూడా పుట్టినది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గాలో 2008 నుండి దువాతోపాటు దవా కూడా అందేటట్లు వైద్యులూ, దర్గా ముజావర్లూ కలిసి పనిచేసినారు. ముజావరే రోగిని డాక్టరు దగ్గరకు పంపినప్పుడు రోగి శంకలేక పోయినాడు. మా మిత్రుని అవ్వ చెప్పినదీ ఇదే గదా! స్వామికి ఆమె చెప్పుకొన్నది, మనుమణ్ణి డాక్టరు దగ్గరకు పంపినది. రెండింటికీ ఆమెకు విరోధం కనబడలేదు.

చట్టం కూడా మారినది. 1912 నాటి ఉన్మాదుల చట్టం స్థానంలో 1987లో ఒక చట్టం, దాని స్థానంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినాయి. 2018 మే 29 నుండి అమలులోనున్న ఈ చివరి చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుని హక్కు. మనోరోగిని గొలుసులతో కట్టరాదు. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించాలే గాని శిక్షించరాదు. 2022 అక్టోబరు 10 నుండి టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ నడుస్తున్నది. 14416 అనే అంకెకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

మా మిత్రుడు ఇప్పుడు తరగతికి వస్తున్నాడు. పూర్తిగా కుదిరిపోయినాడని మేము చెప్పడం లేదు. వేసవిలో ఒకసారి మళ్ళీ క్రుంగినాడు. నోటుబుక్కు దానిని ముందే పట్టి ఇచ్చినందున పది దినాలలో డాక్టరమ్మ మందు మార్చినారు, ఈసారి మంచం పట్టలేదు. ఓ.పి.కి పోయిన దినాన అతనికి ఒక రోజు హాజరు పోతుంది, నాయనకు ఒక రోజు వ్యాపారం పోతుంది. ఏటా పన్నెండు దినాలు. ఒక కాలు విరిగినవాని సెలవు చీటీమీద అందరూ సానుభూతి చూపుతారు. అతడు మాత్రం ప్రతిసారీ సెలవు చీటీలో కడుపునొప్పి అని వ్రాసేవాడు. సత్యప్రమాణాల ఊరి బిడ్డ నెలకొక అబద్ధం వ్రాయవలసి రావడం మాకు బాధ కలిగించినది. అతడు అబద్ధికుడు కాడు. నిజం వ్రాస్తే కళాశాలలో ఏమనుకొంటారో, రేపు చెల్లెలి పెళ్ళికి ఏమి అడ్డు వస్తుందో అన్న భయం చేత వ్రాసినాడు. వైద్యం ఆసుపత్రిలో దొరికినా, ఆ భయం పోగొట్టవలసినది మనమే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. మొదటిది, మానసిక వైద్యం పొందుతున్న విద్యార్థి ఓ.పి. చీటీ చూపితే, జబ్బు పేరు నలుగురిలో అడగకుండా ఆ దినపు హాజరు ఇవ్వాలి. రెండవది, 14416 అనే అంకెను తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాయించి ప్రకటన బల్లమీదా, హాస్టలులోనూ పెట్టించాలి. మూడవది, తిరుపతి వైద్య కళాశాల నుండి గాని, జిల్లా ప్రధాన ఆసుపత్రి నుండి గాని ఒక మానసిక వైద్యుణ్ణి ఏడాదికి రెండుసార్లయినా ఆహ్వానించి, ఒక మాటు విద్యార్థులతోనూ, ఒక మాటు తల్లిదండ్రులతోనూ మాట్లాడించాలి. ఇవి ఎక్కువ ఖర్చుతో కూడినవి కావు.

తోటి విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ప్రక్కన కూర్చునేవాడు రెండు వారాలుగా నవ్వలేదంటే అడగండి. నాలుగు రాత్రులుగా నిద్రపోకుండా పెద్ద పెద్ద మాటలు చెబుతున్నాడంటే అప్పుడూ అడగండి. ఆసుపత్రికి వెంట పోండి. అక్కడ మీరు చూచినది చూచినట్లు చెప్పండి. డాక్టరుకు రోగి మాట ఎంత అవసరమో, స్నేహితుని సాక్ష్యం కూడా అంతే అవసరమని మేము కళ్ళారా చూచినాము.

మా మిత్రుడు ఈ నెల సెలవు చీటీలో మొదటిసారిగా, మానసిక చికిత్సా విభాగపు ఓ.పి.కి పోవలసి ఉన్నదని వ్రాసినాడు. ఆ చీటీ ఇంకా కార్యాలయంలో నిర్ణయం కొరకు ఉన్నది.